పెద్దవాళ్ల ఆటిజం ప్రశ్నావళి: ప్రతి ప్రశ్న దగ్గరా ఆగిపోతున్నాను, ఎలా నింపాలి?

వేపచెట్టు (విజయవాడ)

నమస్కారం అండి. నాకు 34 ఏళ్లు. మా బాబుకి ఆటిజం అని తేలాక, థెరపిస్టు వాడి గురించి అడిగే ప్రశ్నలు వింటుంటే నా చిన్నతనం గురించి అడుగుతున్నట్టే అనిపించేది. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టుని కలిశాను. ఆవిడ రెండు ప్రశ్నావళులు ఇచ్చి ఇంటి దగ్గర నింపి తీసుకురమ్మన్నారు. ఒకటి ఏక్యూ, 50 ప్రశ్నలు. రెండోది రాడ్స్-ఆర్, 80 ప్రశ్నలు.

మొదటిదే ముందుకు సాగడం లేదు. పార్టీ కన్నా లైబ్రరీకి వెళ్లడమే ఇష్టమా అనే అర్థంలో ఒకటుంది. ఎవరి పార్టీ? మా పిన్ని కూతురి సీమంతమా, ఆఫీసు డిన్నరా? లైబ్రరీలో ట్యూబులైటు గుయ్యిమంటుంటే నేను అక్కడా ఉండలేను. ఇంకొకటి, పక్కవాళ్లు గమనించని చిన్న శబ్దాలు మీరు తరచుగా గమనిస్తారా అని. పక్కవాళ్లు గమనించారో లేదో నాకెలా తెలుస్తుంది? తరచుగా అంటే రోజుకోసారా, గంటకోసారా? "కొంచెం ఒప్పుకుంటాను", "పూర్తిగా ఒప్పుకుంటాను" అనే రెండు గళ్ల మధ్య పెన్ను పట్టుకుని కూర్చుండిపోతున్నాను.

మా ఆయన "నువ్వు అందరితో బాగానే మాట్లాడతావు కదా" అంటారు. ఫంక్షన్‌కి వెళ్లేముందు రాత్రి ఎవరిని ఏం అడగాలో మనసులో వరసగా పెట్టుకుంటానని ఆయనకు తెలియదు. మరి నేను రాయాల్సింది బయటికి కనిపించేదా, లోపల జరిగేదా? మీలో ఎవరైనా ఇవి నింపి ఉంటే చెప్పండి.

కొబ్బరాకు (హైదరాబాద్, క్లినికల్ సైకాలజీ విద్యార్థి)

వేపచెట్టు గారూ, ముందు ఆ రెండు గళ్ల టెన్షన్ వదిలేయండి. ఏక్యూని 2001లో కేంబ్రిడ్జ్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారు చేసింది. కాగితం మీద నాలుగు జవాబులు కనిపిస్తాయి గానీ, మార్కులు వేసేటప్పుడు కొంచెం ఒప్పుకున్నా, పూర్తిగా ఒప్పుకున్నా ఒకటే మార్కు. ఎటువైపు ఉన్నారన్నదే లెక్క. ప్రశ్నల్లో దాదాపు సగం "అవును" అంటే మార్కు వచ్చేవి, మిగతావి "కాదు" అంటే వచ్చేవి.

50కి 32 లేదా ఆపైన వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. ఆ మొదటి అధ్యయనంలో ఆటిజం ఉన్న పెద్దవాళ్ల సగటు 35.8, మామూలు జనంలో 16.4. ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు 80 శాతం మందికి 32 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వచ్చింది. మిగతావాళ్ల సంగతి గమనించండి. డాక్టర్లు ఆటిజం అని నిర్ధారించినవాళ్లలోనే ఐదుగురిలో ఒకరు ఆ గీత కింద ఉన్నారు. కాబట్టి ఒక ప్రశ్న అటూ ఇటూ అయిందని మీ సైకాలజిస్టు నిర్ణయం మారిపోదు. ఆవిడ మీ బాల్యం గురించి అడుగుతారు, ఎదురుగా కూర్చుని గమనిస్తారు, వీలైతే మీ అమ్మగారితో మాట్లాడతారు. అవన్నీ కలిపితేనే నిర్ధారణ.

కృష్ణ_మాంచెస్టర్

నేను ఇంగ్లండ్‌లో ఈ దారిలో నడిచినవాడిని కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను. ఇక్కడ ముందుగా జీపీ, అంటే మామూలు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్తాం. చాలాచోట్ల ఏక్యూ-10 ఇస్తారు. 2012లో వచ్చిన పొట్టి రూపం అది, పదే ప్రశ్నలు. ఆరు లేదా ఆపైన వస్తే నిపుణుల దగ్గరికి పంపే ఆలోచన చేయమని నైస్ అనే ప్రభుత్వ సంస్థ మార్గదర్శకాల్లో ఉంది.

అందులో ముఖం చూసి ఎదుటివాళ్ల మనసులో ఏముందో పసిగట్టడం సులువేనా అనే ప్రశ్న ఉంది. నేను "సులువే" అని పెట్టాను. ఇరవై ఏళ్ల వయసులో అసలు తెలిసేది కాదు. తర్వాత కనుబొమలు, పెదవులు, గొంతు, వీటికి నాకు నేనే నియమాలు రాసుకుని నేర్చుకున్నాను. అప్పటితో పోలిస్తే ఇప్పుడు సులువే మరి. పైగా నా స్నేహితులంతా నాలాంటివాళ్లే, వాళ్లతో పోల్చుకుంటే నేను బాగా చదవగలను. ఎవరితో పోల్చుకోవాలో ప్రశ్నలో లేదు. నిర్ధారణ చేసిన డాక్టరు "ఎలా తెలుస్తుంది, ఎంత సమయం పడుతుంది" అని అడిగినప్పుడే అసలు జవాబు బయటికి వచ్చింది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 2016లో ఇక్కడి నిపుణుల క్లినిక్‌కి పంపిన 476 మంది పెద్దవాళ్ల వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. ఏక్యూ-10లో గీత కింద మార్కులు వచ్చినవాళ్లలో 64 శాతం మందికి పూర్తి పరీక్ష తర్వాత ఆటిజం ఉందని తేలింది. మార్కులు తక్కువ వచ్చాయని వాళ్లను జీపీ దగ్గరే ఆపేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆరు అనే అంకెను తలుపుకి గొళ్లెంలా వాడటం నాకు అసలు నచ్చని పని.

సూటిమాట (గుంటూరు)

కృష్ణ గారూ, అదే అధ్యయనంలో రెండో సగం కూడా చెప్పాలి కదా. అటూ ఇటూ రెండువైపులా తప్పింది. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లలో కొందరికి ఆటిజం లేదు. విపరీతమైన ఆందోళన ఉన్నవాళ్లకు కూడా ఏక్యూ మార్కులు పెరుగుతాయని అందులోనే ఉంది.

నా బాధ ఏమిటంటే, మా చెల్లెలు ఫోన్లో ఇలాంటి పరీక్ష చేసుకుని తనకి ఆటిజం ఉందని తేల్చేసుకుంది. తనకి నిజానికి సోషల్ యాంగ్జైటీ. ఇప్పుడు మందులు వాడి, కౌన్సెలింగ్ తీసుకుని చాలా బాగుంది. ఆ ఏడాది అంతా వేరే దారిలో వెతుక్కుంటూ తను పడ్డ కష్టం నేను చూశాను. ఇంకో సందేహం కూడా ఉంది. తమ భావాలు తమకే సరిగా తెలియవని ఆటిజం గురించి అంటారు. అలాంటప్పుడు వాళ్లే తమ గురించి నింపే కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి? ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను.

నిశ్శబ్దరాగం (వరంగల్)

సూటిమాట గారూ, నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. 41వ ఏట నాకు ఆటిజం అని తెలిసింది. మీ ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు చెబుతాను.

నాకు ఆటిజం అని తెలియకముందు డిప్రెషన్ వచ్చి ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి నింపమన్నారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అని. అందులో ఎనిమిదోది, మీరు ఇతరులు గమనించేంత నెమ్మదిగా కదిలారా, మాట్లాడారా, లేదా దానికి పూర్తిగా వ్యతిరేకంగా, కుదురులేకుండా తిరిగారా అని. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గమనించారో లేదో నాకు తెలిసే మార్గం లేదు. సున్నా పెట్టాను. నిద్ర పట్టడం లేదా అని ఇంకొకటి. నాకు పుట్టినప్పటి నుంచీ నిద్ర అంతే. అదేమీ కొత్త కాదు కాబట్టి సున్నా. పనుల మీద ఆసక్తి తగ్గిందా అంటే, వంట మానేశాను, స్నానం వాయిదా వేస్తున్నాను, క్లాసుకి వెళ్లాలంటే ఏడుపు వస్తోంది, కానీ కాకతీయుల శాసనాలు చదవడం మాత్రం ఆగలేదు. రోజంతా అదే చదువుతున్నాను. ఆసక్తి ఉంది కదా, సున్నా.

మార్కులు చూసి ఆ డాక్టరు "మీకు పెద్దగా ఏమీ లేదమ్మా, కాస్త వాకింగ్ చేయండి" అన్నారు. నేను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ప్రతి ప్రశ్నకూ అది అడిగిన మాటకు అడిగినట్టే జవాబిచ్చాను. ఆ ప్రశ్నలు తయారు చేసినవాళ్లు మనసులో పెట్టుకున్న మనిషి వేరు. ఆ మనిషి ప్రశ్న వెనకాల ఉన్న ఉద్దేశాన్ని ఊహించి జవాబిస్తుంది. నేను ఊహించను, కాగితం మీద ఉన్నది చదువుతాను.

అందుకే "వాళ్లకు తమ గురించి తెలియదు" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. తర్వాత కలిసిన సైకాలజిస్టు "ఈ నెలలో ఎన్ని పూటలు భోజనం మానేశారు? అంతకుముందు నెల ఎలా ఉండేది?" అని అడిగారు. టకటకా చెప్పాను. నా గురించి నాకు బాగా తెలుసు. అడిగే తీరులో ఉంది తేడా.

కొబ్బరాకు

నిశ్శబ్దరాగం మేడమ్ చెప్పింది నేను ఇక్కడ చదివే ప్రతి విద్యార్థికీ చూపించాలనుకుంటున్నాను.

సూటిమాట గారి ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. భావాలను గుర్తుపట్టి పేరు పెట్టడం కష్టం కావడాన్ని అలెక్సితైమియా అంటారు. అది ఆటిజంలో భాగం కాదు, పక్కన ఉండొచ్చు, ఉండకపోవచ్చు. 2019లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి, లేనివాళ్లలో సుమారు 5 శాతం మందికి ఉన్నట్టు తేలింది. అంటే మిగతా సగం మందికి ఆ ఇబ్బంది లేదు. ఉన్నవాళ్లకు కూడా "దిగులుగా ఉందా" అంటే తెలియకపోవచ్చు గానీ, ఛాతీ బరువుగా ఉందా, ఫోన్ ఎత్తబుద్ధి కావడం లేదా, అన్నం సగంలో వదిలేస్తున్నారా అంటే చెప్పగలరు. అలెక్సితైమియాను కొలవడానికి టొరంటో స్కేల్ అని 20 ప్రశ్నలది ఉంది. అదీ స్వయంగా నింపేదే. తన భావాలు తనకు ఎంత తెలియవో ఆ మనిషినే అడుగుతున్నాం. అందుకే ఆ అంకె ఒక్కదాన్నీ పట్టుకుని మా సార్లు ఎప్పుడూ నిర్ణయానికి రారు.

మీ చెల్లెలి విషయంలో మీరు చెప్పింది నిజమే. ఆందోళన, ఓసీడీ, చిన్నప్పుడు మనసుకు తగిలిన దెబ్బలు, ఇవన్నీ కొన్ని ప్రశ్నలకు ఒకే జవాబు తెప్పిస్తాయి. జనంలోకి వెళ్లను అని ఇద్దరు రాస్తారు. ఒకరు తనను చూసి నవ్వుతారేమోనని వెళ్లరు. ఇంకొకరు ఒకేసారి నలుగురి మాటలు, లైట్లు, సెంటు వాసన తట్టుకోలేక వెళ్లరు. గడిలో టిక్కు ఒకటే. కారణం తెలిస్తేనే తేడా తెలుస్తుంది. ఒకే మనిషికి రెండూ ఉండటం కూడా చాలా మామూలు.

కడప_అమ్మ

నేను తల్లిని. మా అబ్బాయికి 26. మాటలు కొన్నే వస్తాయి, ట్యాబ్‌లో టైపు చేస్తాడు. మీరంతా స్వయంగా నింపే కాగితాల గురించి మాట్లాడుకుంటున్నారు. మా వాడికి ఆ అవకాశమే ఎప్పుడూ రాలేదు.

వాడికి సర్టిఫికెట్ కోసం చేసింది ఐసా అనే ఆటిజం పరీక్ష. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న సంస్థ తయారు చేసిందే, 2009లో వచ్చింది. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు. 70 లేదా ఆపైన వస్తే ఆటిజం లెక్క. అక్కడ వాళ్లు మమ్మల్ని అడుగుతారు, పిల్లవాణ్ని గమనిస్తారు. ఒక్కో లక్షణం ఎంత శాతం సమయం కనిపిస్తుందో దాన్నిబట్టి మార్కు. ఎప్పుడో అంటే 20 శాతం లోపు, ఎల్లప్పుడూ అంటే 80 పైన, అలా. పైన వేపచెట్టు అమ్మాయి అడిగిన "తరచుగా అంటే ఎంత" అనేదానికి కనీసం ఒక కొలత ఉంది దాంట్లో. అది నాకు మంచిగా అనిపించింది.

కానీ జవాబులన్నీ నావి. శబ్దాలకు ఇబ్బంది పడతాడా అంటే, పెళ్లి మేళం దగ్గర చెవులు మూసుకుంటాడు కాబట్టి అప్పుడప్పుడు అని చెప్పాను. ఈ మధ్య వాణ్నే అడిగితే ట్యాబ్‌లో "మిక్సీ. కుక్కర్. నాన్న దగ్గు. ప్రతిరోజూ" అని కొట్టాడు. చెవులు ఎందుకు మూసుకోవు అంటే "అమ్మ కోప్పడుతుంది" అని కొట్టాడు. నేను చూసింది వాడి చేతులనే. వాడి చెవుల్లో ఏముందో వాడే చెప్పాలి. మాటలు రానివాళ్లను అడగనే అక్కర్లేదని అనుకునే డాక్టర్లకు, నాలాంటి తల్లులకు ఈ మాట చేరాలి.

సూటిమాట

అమ్మా, మీ మాట చదివాక నా సందేహం మారింది. ఇంట్లోవాళ్లు చెప్పింది ఒకలా, మనిషి చెప్పుకున్నది ఒకలా ఉంటే ఎవరిది సరైనదని తీసుకుంటారు? కొబ్బరాకు గారు చెప్పగలరా?

కొబ్బరాకు

రెండూ తీసుకుంటారు, ఎందుకంటే రెండూ వేర్వేరు విషయాలు చెబుతాయి. 65 ప్రశ్నల ఎస్ఆర్ఎస్-2 లాంటి కొన్ని ప్రశ్నావళులను మనిషికి ఒక కాపీ, దగ్గరివాళ్లకు ఒక కాపీ ఇస్తారు. శబ్దం, అలసట, మాటలు ముందే సిద్ధం చేసుకోవడం లాంటివి మనిషికే తెలుస్తాయి. మూడేళ్ల వయసులో ఎలా ఆడుకునేవాడు, పిలిస్తే పలికేవాడా అన్నది తల్లికి తెలుస్తుంది. జవాబులు కలవకపోతే అక్కడే ఆగి అడగాలి. వేపచెట్టు గారి భర్త "బాగానే మాట్లాడతావు" అనడానికీ, ఆవిడ ముందురాత్రి సిద్ధపడటానికీ మధ్య ఉన్న తేడాయే వైద్యులకు కావలసిన సమాచారం. డాక్టర్లు నిర్ధారణకు చూసే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో కూడా ఆ మాట ఉంది. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండాలి గానీ, తర్వాత నేర్చుకున్న పద్ధతుల వల్ల కప్పబడి ఉండొచ్చు అని.

ఆ కప్పుకోవడాన్నే కొలవడానికి 2019లో క్యాట్-క్యూ వచ్చింది, 25 ప్రశ్నలు. మీ సైకాలజిస్టుని అడిగి చూడండి. నటించడం, దాచుకోవడం, కలిసిపోవడానికి ప్రయత్నించడం గురించి నేరుగా అడుగుతుంది.

కృష్ణ_మాంచెస్టర్

అమెరికాలో ఆస్పైర్ అనే బృందం ఉంది. 2006లో మొదలైంది, క్రిస్టీనా నికొలాయిడిస్, డోరా రేమేకర్ దాన్ని మొదలుపెట్టారు. రేమేకర్ ఆటిజం ఉన్న పరిశోధకులు. అక్కడ ఆటిజం ఉన్నవాళ్లు, పరిశోధకులు సమానంగా కూర్చుని పాత ప్రశ్నావళులను మార్చారు. ప్రశ్నకు ముందు అది ఏ సందర్భం గురించో ఒక వాక్యం చేర్చారు. అస్పష్టంగా ఉన్న మాట మీద నొక్కితే వివరణ వస్తుంది. "కొన్నిసార్లు", "ఎక్కువసార్లు" అన్నదానికి పక్కన నిండిన గిన్నెల్లాంటి బొమ్మలు పెట్టారు.

ప్రశ్నలు తికమకగా ఉన్నాయని మనం అంటే "అది మీ లక్షణమే" అని కొట్టిపారేసేవాళ్లను చూశాను. డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో చెప్పిన సంగతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుంది. ప్రశ్న రాసినవాళ్లకు మనం అర్థం కాలేదు. వాళ్లు ఆ ప్రశ్నలను ముందు మనతో చదివించి ఉండాల్సింది.

వేపచెట్టు

అందరికీ చాలా థాంక్స్ అండి. కడప అమ్మగారూ, మీ అబ్బాయి కొట్టిన ఆ నాలుగు మాటలు చదివి మా ఇంట్లో మిక్సీ వేసేముందు మా బాబుకి చెప్పడం మొదలుపెట్టాను.

ఏక్యూ పూర్తి చేశాను. ప్రతి ప్రశ్నకూ మొదట తోచింది టిక్కు పెట్టి, పక్కన తెల్లకాగితం మీద నంబరు వేసి కారణం రాశాను. లైబ్రరీ ప్రశ్నకు "తెలిసిన నలుగురైతే పార్టీ, తెలియనివాళ్లయితే లైబ్రరీ, ట్యూబులైటు లేకపోతేనే" అని రాశాను. ఇప్పుడు రాడ్స్-ఆర్ దగ్గర ఉన్నాను. దాంట్లో జవాబులు వేరేలా ఉన్నాయి. ఇప్పుడూ చిన్నప్పుడూ నిజం, ఇప్పుడే నిజం, 16 ఏళ్ల లోపే నిజం, ఎప్పుడూ కాదు. చిన్నప్పుడు ఎవరి కళ్లల్లోకీ చూసేదాన్ని కాదు. ఇంటర్‌లో మా లెక్చరర్ అందరి ముందూ తిట్టాక, ఎదుటివాళ్ల ముక్కు మీద చూపు పెట్టడం నేర్చుకున్నాను. మరి ఇది 16 లోపే నిజమా, ఇప్పుడూ నిజమా?

కొబ్బరాకు

ఆ ప్రశ్నావళిలో ఇదే గట్టి చిక్కు. రెండు కాలాల్లోనూ నిజమైతే 3, ఇప్పుడే అయితే 2, చిన్నప్పుడే అయితే 1. కష్టపడి దాచుకోవడం నేర్చుకున్నవాళ్లు "చిన్నప్పుడే" అని పెడితే మార్కులు పడిపోతాయి. దీన్ని తయారు చేసినవాళ్లు వైద్యులు పక్కనుండి నింపించాలనే అనుకున్నారు, ఇలాంటి సందేహం వస్తే అడగడానికి. 2011లో మొదటి అధ్యయనంలో దీనికి చాలా గొప్ప ఫలితాలు వచ్చాయి, 65 గీత పెట్టారు. 2021లో ఒక క్లినిక్‌లో కొద్దిమందికి ముందే ఇంటికి పంపి నింపిస్తే, ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడానే చూపించలేకపోయింది. కాబట్టి ఆ అంకె చూసి భయపడొద్దు, సంబరపడొద్దు.

మీ జవాబుకొస్తే, ముక్కు మీద చూపు పెట్టడం ఆపేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇబ్బంది అలాగే ఉంటే అది ఇప్పుడూ నిజమే. ఆ లెక్చరర్ సంగతి మాత్రం పక్క కాగితం మీద తప్పకుండా రాయండి.

నిశ్శబ్దరాగం

వేపచెట్టు గారూ, మీ అమ్మగారింట్లో పాత ప్రోగ్రెస్ కార్డులు ఉంటే తీసుకెళ్లండి. నావాటిలో "తరగతిలో ఎవరితోనూ కలవదు" అని ఒక టీచరు ఎర్ర ఇంకుతో రాశారు. నా సైకాలజిస్టు ఆ ఒక్క వాక్యం గురించే చాలాసేపు అడిగారు. ఇంకొకటి, 80 ప్రశ్నలూ ఒకేసారి కూర్చుని చేయకండి. అలిసిపోయాక నేను గళ్లన్నీ ఒకేలా పెట్టేస్తాను, చాలామంది అంతే చేస్తారు. ఎక్కడ ఆపారో కాగితం మీద గుర్తు పెట్టండి, అదీ వాళ్లకు పనికొస్తుంది.

కడప_అమ్మ

మా వాడి తరఫున ఒక ప్రశ్న. వాడు ట్యాబ్‌లో జవాబులు కొట్టి, నేను వాటిని కాగితం మీద ఎక్కిస్తే సైకాలజిస్టులు ఒప్పుకుంటారా? పక్కన నేను ఉంటే నాకు నచ్చేది కొడతాడేమోనని నాకు అనుమానం.

కొబ్బరాకు

ఒప్పుకుంటారమ్మా, కానీ ఎక్కించడం వద్దు. వాడు కొట్టిన తెరను అలాగే ఫోటో తీసి తీసుకెళ్లండి. ముందే ఫోన్ చేసి, పెద్ద అక్షరాలతో ఒక్కో పేజీకి ఒక్కో ప్రశ్న ఉండేలా ఇస్తారా అని అడగండి. అక్కడ నింపేటప్పుడు మీరు బయట కూర్చుంటానని మీరే చెప్పండి. మీరు చెప్పాల్సినవి వేరే కాగితం మీద, మీ పేరుతో రాసివ్వండి.